బయానా ఇచ్చే ముందు ఎవరి మాట వినాలి?

హైదరాబాద్ శివార్లలో గానీ, విజయవాడ, విశాఖ పరిసరాల్లో గానీ మొదటిసారి స్థలం మీద డబ్బు పెట్టాలనుకునేవారికి సలహాలకు కొదవ ఉండదు. ఇప్పటికే రెండు ప్లాట్లు కొన్న సహోద్యోగి, ఊళ్లో భూముల సంగతి తెలిసిన బంధువు, సైటు చూపించడానికి కారు పంపే మార్కెటింగ్ ప్రతినిధి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరి, హోమ్ లోన్ ఫైలు కదిలించే బ్యాంకు ఉద్యోగి, ఇలా అందరూ తలా ఒక మాట చెబుతారు. వీరిలో చాలామంది చెడు తలపుతో చెప్పరు. కొత్తవారు చిక్కుల్లో పడేది సాధారణంగా సలహా దొరక్క కాదు. ఆ సలహా ఇచ్చిన మనిషికి డబ్బు ఎవరి దగ్గర్నుంచి, ఏ దశలో ముడుతుందో ఆలోచించకపోవడం వల్లే చిక్కు వస్తుంది.

ఈ లెక్కన చూస్తే సలహాదారులు రెండు రకాలుగా కనిపిస్తారు. బేరం తెగితేనే ప్రతిఫలం అందేవారు ఒకరు. బేరం తెగినా, చెడినా తాము చేసిన పనికి ఫీజు అందేవారు మరొకరు. ఏజెంటు, బిల్డరు మార్కెటింగ్ సిబ్బంది, రుణం ఇప్పించే మధ్యవర్తి మొదటి కోవలోకి వస్తారు. న్యాయవాది, సర్వేయరు, చార్టర్డ్ అకౌంటెంటు, ఇంజినీరు రెండో కోవలోకి రావాలి. మన దగ్గర జరుగుతున్నది మాత్రం తలకిందులుగా ఉంది. ముందు ఏజెంటుతో తిరగడం, నచ్చిన స్థలానికి అక్కడికక్కడే బయానా ఇచ్చేయడం, ఆ తర్వాత తీరిగ్గా కాగితాలు లాయరుకు చూపించడం. బయానా ఇచ్చాక లాయరు లోపం ఉందని చెబితే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడమే పెద్ద పని అవుతుంది కాబట్టి, కొనేవారు ఆ లోపం పెద్దది కాదని తమకు తామే సర్దిచెప్పుకుంటారు. సలహాదారుల ఎంపికలో మొదటి విషయం వారి ప్రతిభ కంటే వారిని పిలిచే వరుస.

ఈ వరుస ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ప్రభుత్వ రికార్డు ఏ మేరకు రక్షణ ఇస్తుందో చూడాలి. రిజిస్ట్రేషన్ అయిపోయిందంటే హక్కు ఖరారైనట్టేనన్న నమ్మకం బలంగా ఉంది. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. అమ్మిన మనిషికి అమ్మే హక్కు ఉందా లేదా అని తేల్చే పని రిజిస్ట్రారుది కాదు. తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టివేస్తూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతినే మరోసారి స్పష్టం చేసింది. ఆ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉన్న భూములను మాత్రం రిజిస్టరు చేయరు గానీ, ఆ జాబితాలో లేకపోవడం హక్కుకు రుజువు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కును ప్రభుత్వ రికార్డే ఖరారు చేసేలా 2023లో అమల్లోకి తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2024లో రద్దయింది. తెలంగాణలో 2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. పోర్టళ్లు మారినా, కొనుగోలుదారు తన హక్కును తానే వెనక్కి తవ్వి చూసుకోవాల్సిన అవసరం మాత్రం మారలేదు. ఆ తవ్వకం చేసిపెట్టే మనిషే మొదట కావాలి.

న్యాయవాది అనగానే కుటుంబానికి తెలిసిన లాయరు దగ్గరికి వెళ్లడం సహజం. క్రిమినల్ కేసుల్లో, విడాకుల కేసుల్లో పేరున్న వకీలుకు భూమి రికార్డులు తెలిసి ఉండాలని ఏమీ లేదు. అంతకంటే ముఖ్యంగా, రెండు తెలుగు రాష్ట్రాల భూచరిత్ర ఒకటి కాదు. పాత హైదరాబాద్ రాజ్యంలోని భూములకు 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు), సేత్వార్ (తొలి సర్వే రిజిస్టరు) మూలం. అక్కడ ఇనాం (పాలకులు దానంగా ఇచ్చిన భూముల) రద్దు కింద ఇచ్చే ఓఆర్‌సీ అనే స్వాధీన హక్కు పత్రం, 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ ధ్రువపత్రం వంటివి ఉన్నాయా లేవా అన్నది హక్కు మొత్తాన్ని తారుమారు చేస్తుంది. కోస్తాలోనూ సీమలోనూ ఎస్టేటుల (జమీందారీల) రద్దు, ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత సర్వే రిజిస్టరు, సాగు వివరాల అడంగల్, యాజమాన్యం చూపే 1-బి, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు, రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు పెట్టిన చుక్కల భూములు అనే వేరే లోకం ఉంది. గుంటూరు సివిల్ కోర్టులో పాతికేళ్లు పనిచేసిన న్యాయవాది రంగారెడ్డి జిల్లా ఇనాం భూమి విషయంలో కొత్తవాడే కావచ్చు. కాబట్టి ఏ జిల్లాలో కొంటున్నారో ఆ జిల్లా రెవెన్యూ రికార్డులతో నిత్యం పనిపడే న్యాయవాదిని వెతకడం మేలు.

ఆ న్యాయవాది లోతు తెలుసుకోవడానికి కొనేవారు చట్టం చదివి ఉండాల్సిన పనిలేదు. ఒకటి రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఒక కుటుంబంలో తండ్రి ఆస్తి లేఅవుట్‌గా మారిందనుకుందాం. 1998లో భూమి అమ్మినప్పుడు దస్తావేజుపై కొడుకులు మాత్రమే సంతకాలు పెట్టారు. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడగాలి. పని తెలిసిన న్యాయవాది వెంటనే ఆ ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది, వారి పెళ్లిళ్లు ఎప్పుడు జరిగాయి, ఆస్తి తండ్రి స్వార్జితమా, పిత్రార్జితమా, రిజిస్టరైన పంపకం ఉందా అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఎందుకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో అందరికంటే ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సవరణతో వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ప్రశ్నకు తడుముకోకుండా 'ఏం ఫర్వాలేదు, అందరూ ఇలాగే కొంటున్నారు' అనే జవాబు వచ్చిందంటే మరో న్యాయవాదిని చూసుకోవడం మంచిది.

న్యాయవాది ఇచ్చే లీగల్ ఒపీనియన్‌ను కూడా చదవడం నేర్చుకోవాలి. 200 గజాల ప్లాటు ఒకదానికి రెండు ఒపీనియన్లు వచ్చాయనుకుందాం. మొదటిది ఒకే పేజీ. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ప్రస్తుత యజమాని పేరు, ఈసీలో (ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) తాకట్లు లేవన్న మాట, చివర హక్కు స్పష్టంగా ఉందన్న వాక్యం. రెండోది ఆరు పేజీలు. చూసిన ప్రతి పత్రం తేదీ, నంబరు, అది అసలుదా, సర్టిఫైడ్ కాపీయా, జిరాక్సా అన్న వివరం, 30 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లే లింకు డాక్యుమెంట్ల వరుస, ప్రతి లింకు దగ్గర అమ్మినవారికి హక్కు ఎలా వచ్చిందన్న వివరణ. అందులో మధ్యలో ఒక వాక్యం: 'రెండో లింకులోని అమ్మకం జీపీఏ ఆధారంగా జరిగింది, ఆ తేదీనాటికి జీపీఏ ఇచ్చిన వ్యక్తి జీవించి ఉన్నట్టు ఆధారం సమర్పించలేదు.' జీపీఏ అంటే తన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే పత్రం. అది ఇచ్చిన వ్యక్తి చనిపోతే సాధారణంగా ఆ అధికారం కూడా పోతుంది. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు లేకుండా కేవలం జీపీఏతో చేసే అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. మొదటి ఒపీనియన్ కొనేవారికి ధైర్యం ఇస్తుంది, రెండోది ఏ కాగితం ఇంకా తెప్పించాలో చెబుతుంది. ఫీజు ఇవ్వాల్సింది రెండోదానికే.

ఈసీ విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ సాధారణంగా 1983 నుంచి నమోదైన లావాదేవీలనే చూపుతుంది. అంతకు ముందువి ఆఫీసులో పాత రిజిస్టర్లు తిరగేసి తీయించాలి. రిజిస్టరు కాని అమ్మకపు ఒప్పందాలు, నమోదు కాని వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు ఈసీలో కనిపించవు. సర్వే నంబరు తప్పుగా నమోదైన పాత దస్తావేజు కూడా తప్పిపోతుంది. అందుకే పని తెలిసిన న్యాయవాది పేర్ల మీద కోర్టు కేసులు వెతికిస్తారు, పత్రికలో ప్రకటన ఇప్పిస్తారు, గ్రామంలో విచారించమంటారు. ఈ పనులన్నిటికీ రెండు మూడు వారాలు పడుతుంది. సాయంత్రానికల్లా ఒపీనియన్ ఇస్తామనేవారు వీటిలో ఏవి వదిలేస్తున్నారో అడగాలి.

బ్యాంకు లోన్ మంజూరు చేసిందంటే కాగితాలు క్లియరేనన్న మాట ఇంకొకటి తరచూ వినిపిస్తుంది. దీన్ని కొంచెం జాగ్రత్తగా చూడాలి. బ్యాంకు ప్యానెల్ లాయరు ఫీజు చివరికి రుణం తీసుకునేవారే కడతారు, కానీ ఆయన క్లయింటు బ్యాంకు. ఆస్తి హక్కు రేపు కూలిపోయినా బ్యాంకుకు జీతం మీద, హామీదారు మీద, ఇతర ఆస్తుల మీద వసూలు దారులు మిగిలే ఉంటాయి. కొన్నవారికి ఆ వీలు లేదు, పైగా వాయిదాలు కట్టక తప్పదు. బ్యాంకు వాల్యూయర్ ఇచ్చే విలువ కూడా ఎంత రుణం ఇవ్వడం క్షేమమో చెప్పే అంకె. కొనడానికి అది సరైన ధర అవునా కాదా అన్న ప్రశ్నకు ఆ నివేదిక జవాబు చెప్పదు. బ్యాంకు పరిశీలన ఒక అదనపు వడపోతగా పనికొస్తుంది. ఫలానా వెంచరుకు ఏ పెద్ద బ్యాంకూ రుణం ఇవ్వడం లేదంటే అది గట్టి హెచ్చరికే. ఇస్తోందంటే మాత్రం సొంత లాయరు అవసరం తీరిపోదు. బిల్డరు బ్రోచరుతో పాటు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌దీ ఇదే పరిస్థితి. అది రాసిన న్యాయవాదికి ఫీజు ఇచ్చింది అమ్మేవారు.

కాగితం మీద హక్కు సరిగ్గా ఉన్నా నేల మీద ఆ స్థలం ఉందో లేదో చెప్పేది సర్వేయరు. ఈ అంశాన్ని కొత్తవారు దాదాపు పూర్తిగా వదిలేస్తారు, తెల్ల సున్నం గీతలు, సిమెంటు రాళ్లు చూసి తృప్తిపడతారు. ఎఫ్ఎంబీ, టిప్పన్ వంటి సర్వే రికార్డులతో పోల్చి లైసెన్సు ఉన్న సర్వేయరు కొలిస్తే, సర్వే నంబరులో ఉన్న భూమి కంటే అమ్మిన ప్లాట్ల మొత్తం ఎక్కువగా తేలడం అరుదేమీ కాదు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ సంగతి మరింత తీవ్రమైనది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థగా హైడ్రా ఏర్పడిన తర్వాత హైదరాబాద్ చుట్టూ కూల్చివేతలు మొదలైనప్పుడు, రిజిస్ట్రేషన్ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడిన కుటుంబాలను రాష్ట్రమంతా చూసింది. అలాంటి ప్రమాదాన్ని ముందుగా పసిగట్టగలిగేది చెరువు హద్దుల పటం మీద ప్లాటు హద్దులను ఉంచి చూడగల మనిషే. ఆ పనికయ్యే ఖర్చు స్థలం విలువలో లెక్కలోకి రానంత చిన్నది.

ఏజెంటును తక్కువ చేసి చూడనక్కర్లేదు. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయి, ఏ అమ్మకందారు నిజంగా అమ్మే ఉద్దేశంతో ఉన్నాడు, నాలుగు నెలల కిందట పక్క ప్లాటు ఎంతకు పోయింది వంటి విషయాలు ఆయనకే బాగా తెలుస్తాయి. పునర్విక్రయాల్లో ఇరువైపులా 1 నుంచి 2 శాతం కమిషన్ తీసుకోవడం వాడుకలో ఉంది. ఆ పరిజ్ఞానానికి అది న్యాయమైన వెల కావచ్చు. అయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టమైన రెరా 9వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయించే ఏజెంటు స్వయంగా రెరాలో నమోదై ఉండాలి. 10వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని ప్రాజెక్టును ఆయన అమ్మకూడదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వచ్చే లేఅవుట్‌కైనా, 8 ఫ్లాట్లకు మించిన అపార్ట్‌మెంటుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి అనుమతులు రాకముందే ప్రీలాంచ్ ధర అనో, యూడీఎస్ కింద భూమిలో విభజించని వాటా అనో చూపించి మొత్తం సొమ్ము ముందే కట్టమనే ఏజెంటు, తాను చట్టాన్ని ఎంత లెక్కచేస్తాడో ఆ మాటతోనే తెలియజేస్తున్నాడు. ప్రీలాంచ్‌లో జీవితకాలపు పొదుపు పోగొట్టుకుని పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న మధ్యతరగతి కుటుంబాలు హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. ప్రమోటరు (ప్రాజెక్టు చేపట్టినవారు) ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయాలని రెరా 13వ సెక్షన్ చెబుతోందన్న ఒక్క సంగతి తెలిసి ఉంటే వారిలో కొందరైనా ఆగి ఉండేవారు.

లేఅవుట్లలో మరో చిన్న మెలిక ఉంది. రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తారన్న హామీకి కొన్ని ప్లాట్లను హెచ్ఎండీఏ వంటి అనుమతులిచ్చే సంస్థలు తమ పేరిట తాకట్టు పెట్టించుకుంటాయి. పనులు పూర్తయి అవి విడుదలయ్యే దాకా వాటిని అమ్మకూడదు. కొంచెం తక్కువ ధరకు వస్తోందని చెప్పే ప్లాటు నంబరు ఆ జాబితాలో ఉందేమో రెరా సైటులో ఉంచిన ఆమోదిత ప్లానుతో సరిచూడమని న్యాయవాదిని కోరాలి.

చార్టర్డ్ అకౌంటెంటును చాలామంది రిటర్న్ దాఖలు చేసేటప్పుడు, అంటే అంతా అయిపోయాక కలుస్తారు. పన్ను విషయంలో అసలు నిర్ణయాలన్నీ ఒప్పందం రాసే రోజే జరిగిపోతాయి. విలువ 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ 1 శాతం వర్తించదు, చాలా ఎక్కువ రేటున మినహాయించాలి. అది మరిచిపోతే ఆ బాకీ కొన్నవారి మెడకే చుట్టుకుంటుంది. కొన్నట్టు రాసిన ధర కంటే ప్రభుత్వ విలువ 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే ఆ తేడా కొన్నవారి ఆదాయంగా పన్నుకు వస్తుంది.

వైట్, బ్లాక్ లెక్క దగ్గర అకౌంటెంటు విలువ బాగా తెలుస్తుంది. 80 లక్షలకు మాట్లాడుకున్న స్థలాన్ని ప్రభుత్వ విలువ అయిన 45 లక్షలకు రిజిస్టరు చేసి మిగతాది నగదుగా ఇస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసివస్తుందని మధ్యవర్తులు చెబుతారు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించిన నగదు తీసుకోవడమే నిషిద్ధం. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. కొన్నవారికి దెబ్బ తర్వాత తగులుతుంది. కొన్నేళ్లకు అదే స్థలాన్ని కోటి రూపాయలకు పూర్తిగా బ్యాంకు ద్వారా అమ్మితే లాభం 20 లక్షలని చూపించే వీలుండదు, 55 లక్షలని చూపించాలి. 2024 జులై 23 నుంచి అమల్లోకి వచ్చిన 12.5 శాతం రేటున, సెస్సు కలపకుండా చూసినా, రెండున్నర లక్షలు కట్టాల్సిన చోట 6 లక్షల 87 వేలకు పైగా కట్టాలి. అప్పుడు రిజిస్ట్రేషన్‌లో మిగిలింది తగ్గించి చూపిన 35 లక్షల మీద 7.5 శాతం చొప్పున 2 లక్షల 62 వేలు. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించే అకౌంటెంటును నమ్మవచ్చు; నగదు ఎలా సర్దుకోవాలో చెప్పేవారిని నమ్మకూడదు. సీఏ ఇచ్చే ధ్రువపత్రం మీద యూడీఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉంటుంది, దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

కట్టిన ఇల్లో, పాత ఫ్లాటో కొనేటప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరు ఒక పూట చూస్తే చాలు. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలను ప్రమోటరే సరిదిద్దాలని రెరా 14వ సెక్షన్ చెబుతున్నా, లోపం ఉన్నట్టు చూపించడానికి మొదటి రోజే రాయించుకున్న నివేదిక ఎంతో పనికొస్తుంది.

ఇలాంటి వారిని ఎక్కడ వెతకాలి? న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు క్లయింట్ల కోసం ప్రచారం చేసుకోవడంపై వారి వృత్తి నియమాలు ఆంక్షలు పెట్టాయి. అందువల్ల పెద్ద పెద్ద ప్రకటనల్లో కనిపించేవారు మంచివారన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఆ ప్రాంతంలో కొన్నవారిని అడగడం మామూలు దారి. దానికంటే మెరుగైన దారి, కొనబోయి ఆగిపోయినవారిని అడగడం: ఏ న్యాయవాది మాట విని ఆగారు, ఏ లోపం చూపించారు అని. ఫీజు తీసుకుని 'వద్దు' అని చెప్పగలిగిన మనిషి పేరు అలా తెలుస్తుంది. ఏజెంటు పరిచయం చేసిన లాయరు నిజాయితీపరుడే కావచ్చు గానీ, నెలకు నాలుగు పనులు పంపే ఏజెంటు బేరాన్ని చెడగొట్టడం ఎవరికైనా కష్టమే. అలాంటి ఇబ్బందిలో ఆయన్ను పెట్టకుండా ఉండటమే ఉభయులకూ మంచిది.

ఫీజు దగ్గర పొదుపు చేయడం చాలామందికి అలవాటు. 60 లక్షల స్థలానికి రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు ఎదురుచెప్పకుండా కట్టేస్తారు. ఏజెంటుకు 60 వేలు ఇస్తారు. లాయరు 25 వేలు అడిగితే మాత్రం ఎక్కువన్న మాట వస్తుంది, ఐదు వేలకు చేసేవారి కోసం వెతుకుతారు. ఐదు వేలకు దొరికేది పైన చెప్పిన ఒక పేజీ ఒపీనియన్.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ ఇక్కడ కొనే తెలుగువారికి ఈ చిక్కులు రెట్టింపు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టమైన ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. అయినా వారాంతపు ప్రదర్శనల్లో ఫామ్ ప్లాట్లు అమ్మజూపడం ఆగలేదు. స్వదేశంలోని బంధువుకు ఇచ్చే జీపీఏను కాన్సులేటులో గానీ నోటరీ ముందు గానీ రాసి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి. అధికారం ఒకరికి ఇచ్చి, పరిశీలనా ఆయన చేతిలోనే పెడితే ఆయన పొరపాటును పట్టుకునేవారు ఉండరు. జీపీఏ బావమరిదికి ఇచ్చినా, లాయరును మాత్రం నేరుగా నియమించుకుని ఒపీనియన్ తన ఈమెయిలుకే తెప్పించుకోవాలి.

సలహా తప్పయితే ఏం చేయవచ్చన్నది కూడా ముందే తెలుసుకోవాలి. ఏజెంటు మీద, ప్రమోటరు మీద 31వ సెక్షన్ కింద రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. చార్టర్డ్ అకౌంటెంటు మీద వారి ఇన్‌స్టిట్యూట్ క్రమశిక్షణ విభాగానికి వెళ్లవచ్చు. న్యాయవాది సేవల్లో లోపం ఉందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని 2024 మే నాటి సుప్రీంకోర్టు తీర్పు మూసేసింది. బార్ కౌన్సిల్‌కు వృత్తి దుష్ప్రవర్తన ఫిర్యాదు, సివిల్ దావా మాత్రమే మిగిలాయి. ఆ రెండింటికీ ఏ పత్రాలు ఇచ్చారు, ఏం పరిశీలించమన్నారు, ఆయన ఏమని జవాబిచ్చారు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. కాబట్టి పత్రాలు అప్పగించే రోజే వాటి జాబితాతో ఒక ఈమెయిలు పంపడం, ఫీజు బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకోవడం, ఒపీనియన్ సంతకంతో, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఉండేలా చూసుకోవడం కొనుగోలులో భాగంగానే చేయాలి.